పొగగొట్టం పడేవేళ టీ

ప్రాస్పెక్ట్ మిల్లు మూతపడ్డాక మగ్గాలు తుక్కు కిందకి పోయాయి. మిగిలింది పొగగొట్టం ఒక్కటే. పక్క మిల్లువాళ్ల గొట్టం కంటే ఎత్తుండాలని పంతం పట్టి కట్టించి, పూర్తయిన రోజున యజమాని కుటుంబం దాని నెత్తిమీద కూర్చుని భోంచేసిందట. ఇప్పుడు ఆ యజమాని మనవడికి అది గుండెల మీద కుంపటి.

దాన్ని కూల్చే పని ఈనాక్ థ్రెల్‌ఫాల్‌కి వచ్చింది. పెళ్లినాటి నుంచీ లాంకషైర్‌లో నిచ్చెనలు వేసుకుని గొట్టాలెక్కి పగుళ్లు పూడ్చినవాడు, కాలం చెల్లినవాటిని పడగొట్టినవాడు. ఎటు పడాలో అటువైపు అడుగున ఇటుకలు తొలిచి, ఆ ఖాళీలో కొయ్యగుంజలు నిలబెట్టి, గుంజలకి నిప్పు పెడతారు. అవి కాలి మొదటి పగులు వినబడగానే పెద్దమేస్త్రీ బూర ఊది, నడిచి పక్కకి వస్తాడు. పరుగెత్తకూడదు. పరుగెత్తిన మేస్త్రీని మళ్లీ ఎవరూ పనికి పిలవరు.

అయితే పోయిన వసంతంలో ఈనాక్ పడగొట్టిన గొట్టం మెలితిరిగి ఓ గుర్రపుశాల మీద పడింది. లోపల గుర్రాలు లేవు గనక సరిపోయింది. ఆ కబురు టానర్ వీధికి ఈనాక్ కంటే ముందే చేరింది. ప్రాస్పెక్ట్ గొట్టానికి సరిగ్గా వెనకున్న వీధి అది.

"మా కప్పు మీద పడితే నీ మొగుడొచ్చి పెంకులు సర్దుతాడా హెస్టరూ?" అని రొట్టెల కొట్టు దగ్గర నలుగురూ వినేలా అడిగింది, ఆ వీధి చివరింటి మిసెస్ ఎకర్‌స్లీ.

ఈనాక్ భార్య హెస్టర్ నోరు జారే మనిషి కాదు. ఆ రోజు జారింది.

"నీ ఇంటి తాళం ఇటివ్వమ్మా. అది పడేదాకా నీ వంటింట్లో కూచుని టీ తాగుతా. సరేనా?"

"ఇదిగో, పట్టుకెళ్లు. టీపొడి పై అరలో ఉంది. చక్కెర మాత్రం ముట్టుకోకు."

ఇంటికొచ్చి చెబితే, బూట్లు విప్పుకుంటున్న ఈనాక్, "మంచిపని చేశావ్" అన్నాడు. భోజనం సగంలోనే లేచిపోయాడు.

ఆదివారం ప్రార్థనలు కాగానే ఊరంతా కాలవ గట్టు మీద చేరింది. టానర్ వీధి ఖాళీ అయింది. చివరింటి వంటింట్లో హెస్టర్ టీ కాచుకుని కూర్చుంది. గుంజల పొగ కిటికీ సందుల్లోంచి లోపలికొస్తోంది. ఆమెకి చచ్చేంత భయంగా ఉంది. మాట తూలినందుకు తనని తాను తిట్టుకుంటూ బూర కోసం చెవులు రిక్కించింది.

బూర మోగలేదు. వెనక తలుపు తెరుచుకుని ఈనాక్ వచ్చాడు.

"బూరేదీ?"

"తమ్ముడి చేతికిచ్చాను."

"ఎన్నడైనా ఎవరికైనా ఇచ్చావా నువ్వు?"

"ఇంకో కప్పుందా?" అంటూ ఎదురుగా కూర్చున్నాడు. ఆమె పోసిన టీ అందుకున్నాడు.

"ఎటు పడుతుంది? నిజం చెప్పు."

"ముందుకే పడాలి." అతను కప్పులోకి చూస్తున్నాడు. "గుర్రపుశాలప్పుడూ ఇలాగే అనుకున్నా."

హెస్టర్‌కి ఒళ్లు మండింది. "ఓరి వెర్రివాడా! మరి నన్ను బయటికి ఈడ్చుకుపోక, నువ్వొచ్చి కూచున్నావేం?"

"పిలిస్తే వస్తావా?"

ఊరంతా చూస్తుండగా తను బయటికొస్తే అతని పేరు ఏమవుతుందో ఆమెకి తెలుసు. "రాను" అంది.

"అందుకే వచ్చా."

అప్పుడు మోగింది బూర. ఈనాక్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఏదో విరిగిన చప్పుడు, తర్వాత ఓ నిశ్శబ్దం, ఆ తర్వాత నేలంతా అదిరింది. పొయ్యిగూట్లోంచి మసి కుప్పగా దిగి మిసెస్ ఎకర్‌స్లీ చక్కెర గిన్నెని నల్లగా కప్పేసింది. ఇంటి కప్పు మాత్రం చెక్కుచెదరలేదు.

కాలవ గట్టు మీద కేకలు, ఈలలు. గొట్టం మిల్లు ఆవరణలో గీత గీసినట్టు పడుకుంది. జనం వీధిలోకి పరుగెత్తుకొచ్చారు.

"చూశారా ధీమా! నిప్పు పెట్టేసి, పోయి పెళ్లాంతో టీ తాగుతున్నాడు!" అని అందరికంటే గట్టిగా అరిచింది మిసెస్ ఎకర్‌స్లీయే.

ఈనాక్ లేవబోయాడు. మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. హెస్టర్ అతని చేతిలోంచి తన చేయి దూర్చి పట్టుకుని లేపింది. ఇద్దరూ గుమ్మంలోకి రాగానే మగవాళ్లు టోపీలు తీశారు. భార్యని దర్జాగా నడిపించుకొస్తున్నాడనుకున్నారు. అతని బరువంతా ఆమె మీదే ఉంది.

"నవ్వు" అంది హెస్టర్, పెదవి కదపకుండా. "నవ్వుతూ మెల్లిగా నడు. ఇంటికెళ్లాక ఆ నిచ్చెనలు అమ్మేద్దాం."

ఈనాక్ నవ్వాడు.