లూబాకి అడ్డొస్తే

పొద్దున్నే ఐస్ మీద ఆడే రింక్ తలుపు తీసి, కాఫీ పెట్టుకుని, పిల్లల స్కేట్లకి పదును పెట్టడం లూబా హావ్రిలుక్‌కి ముప్పై ఏళ్ల అలవాటు. హార్లో ఊరి ఐస్ హాకీ జట్టుకి ఆవిడే కోచ్. ఆవిడకి ఎవరైనా అడ్డుపడితే ఆవిడ కాళ్ల కింద నేల ఐస్‌లా గడ్డకట్టేది. ఊరికి ఇది మామూలే. ఆవిడతో మాటా మాటా పెరిగితే ఎదుటివాళ్లు ముందు కుర్చీ పట్టుకునేవాళ్లు.

చిన్నప్పుడు ఆడపిల్లకి హాకీ ఏమిటని తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడితే వంటింటి నేలంతా గడ్డకట్టింది. లూబా స్కేటింగ్ నేర్చుకున్నది అక్కడే. "పొయ్యి దగ్గర చూసుకుని తిరుగు" అనేది తల్లి, పెరోగీ కుడుముల పిండి పిసుకుతూ. తర్వాత కోచ్‌గా నువ్వు పనికిరావన్న లీగ్ పెద్దమనిషి తన ఆఫీసు వరండాలో జారిపడి, కూలబడ్డ చోటే ఆవిడ నియామకం కాగితం మీద సంతకం పెట్టాడు.

రింక్ కమిటీ ఛైర్మన్ విల్మర్ ఇవన్నీ చూసీ వినీ పాఠం నేర్చుకున్నాడు. మార్చిలో రింక్‌లో ఐస్ పట్టించే యంత్రం చెడిపోయింది. బయట గోధుమ పొలాల్లో కూడా మంచు కరిగిపోయింది. శనివారం పక్క ఊరు డెన్హామ్‌తో ఆఖరి మ్యాచ్. హార్లో రింక్‌లో ఐస్ లేకపోతే ఆడకుండానే ఓడినట్టు, జట్టుని డెన్హామ్‌లో కలిపేస్తారు. రింక్ ఖర్చు తప్పుతుందని విల్మర్‌కి కావలసిందీ అదే.

"యంత్రం బాగుచేయించు" అంది లూబా.

"తప్పకుండా. నువ్వెంత చెబితే అంత."

"ఎప్పుడు?"

"నీ ఇష్టం."

"ఒక్కసారి కాదని అనవయ్యా."

"నిన్ను కాదంటానా లూబా? శనివారం నీకు సన్మానం కూడా. కేకు చెప్పాం."

లూబా కాళ్లకేసి చూసుకుంది. తడి సిమెంటు, అంతే. జన్మంతా పోట్లాడిన మనిషికి ఈ మెత్తదనంతో ఎలా తలపడాలో తెలియలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం డెన్హామ్ జట్టు బస్సు వచ్చి ఆగింది. లూబా మెళ్లో ఈల తీసి మేకుకి తగిలించింది.

"ఇక డెన్హామ్‌లో బాగా ఆడండి. నేనింటికి పోతున్నా" అంది తన పిల్లలతో.

గోల్‌కీపర్ టేగన్ లేచి తన వెడల్పాటి కర్రని తలుపుకి అడ్డంగా పెట్టింది.

"తప్పుకో" అంది లూబా.

"తప్పుకోను."

"కోచ్ చెబుతోంది."

"కోచ్ ఈల మేకుకుంది. ఇప్పుడు మీ మాట మేమెందుకు వినాలి?"

మిగతా పిల్లలు కూడా భుజం భుజం కలిపి తలుపు మూసేశారు.

"నామీదికే వస్తారే?"

"మీరు నేర్పిందేగా."

లూబా బూట్ల కింద ఐస్ చిటపటమంది. వెనక తలుపులోంచి కేకు పట్టుకుని లోపలికొస్తున్న విల్మర్ గోడ పట్టుకున్నాడు, కేకు వదిలేశాడు. ఐస్ బెంచీల కిందుగా పాకి రింక్‌లోకి దిగింది. అది చూసి, అతని వెనకే వచ్చిన డెన్హామ్ పిల్లలు స్కేట్లు కట్టుకోవడం మొదలెట్టారు.

లూబా ఈల తీసి మెళ్లో వేసుకుంది. "ఇంకాస్త గట్టిగా అడ్డుపడండి" అంది. "ఐస్ అవతలి గోల్ దాకా రావాలి."