తడి వైపు

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో చిన్నా పెద్దా అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె వదినయ్యేది ఒక్కతికే, భర్త చెల్లెలికి. ఆ మరదల్ని ఆరేళ్ల కిందట పనిలో పెట్టించిందీ తనే. వెన్నుకి ఆపరేషనై, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పిన మనిషిని, ఆ సంగతి పైకి పొక్కకుండా పెట్టించింది. చెబితే పనెవరిస్తారు మరి?

అందుకే చివరి గదిలో వాళ్లిద్దరి మధ్య ఒక ఏర్పాటు. నీళ్లు తాగి బండల్లా బరువెక్కిన దుప్పట్లని మిషన్లోంచి లాగి, ఆరబెట్టే డ్రమ్ములో కుక్కేది వదిన. ఆరినవి బల్ల మీద మడతపెట్టేది మరదలు. "నువ్వా పక్కన నిలబడవే, ఈ ముసలెద్దు లాగుతుందిలే" అని మొదటిరోజు వదిన నవ్వుతాలుకి అన్నమాట అలాగే స్థిరపడిపోయింది. ఎద్దుకైనా ఆదివారాలుంటాయేమో! తడి వైపు నిలబడితే సాయంత్రానికి వేళ్లు నానిపోతాయి, భుజాలు పీకేస్తాయి. ఇంటికెళ్లాక జడ వేసుకుందామంటే చెయ్యి లేవదు.

అలా బండి నడుస్తుండగా గోడమీదికి టీవీలాంటి తెర వచ్చిపడింది. దుప్పటి మూల కుట్టిన పట్టీని మడతబల్ల దగ్గరున్న మిషనుకి చూపించి టిక్కుమనిపిస్తే, అది మడతపెట్టిన మనిషి లెక్కలో పడుతుంది. ఎవరెంత పని చేశారో, ఎవరు ఏ మెట్టు మీదున్నారో, ఆ మెట్టుకి జీతమెంతో అన్నీ తెరమీదే. ఇకమీదట దాపరికాలుండవట, ఎవరికెంత ఇస్తున్నారో అందరికీ తెలియాలట. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ తడి వైపు కూడా పనే జరుగుతుందని ఆ తెర పెట్టిన మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు. మిగతా గదుల్లోని జంటలు తడి వైపుకీ మడతబల్లకీ వంతులేసుకుంటారు కాబట్టి వాళ్ల లెక్కలు సరిపోయాయి. వీళ్లలో మాత్రం మరదలు అందరికంటే పైన, వదిన అట్టడుగున. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

అడుగు మెట్టువాళ్లని వచ్చేనెల నుంచి సగం పూటకి మారుస్తారని కబురు. సగం పూటంటే సగం జీతం. అది ఇంటద్దెకే చాలదు.

జీతాల మేడం ఇద్దర్నీ పిలిపించినప్పుడు, వదిన మెట్ల దగ్గర మరదల్ని ఆపింది. "నీ నడుము ఊసెత్తకు. తడి వైపు నేనుంటానని ఒక్కమాట చెప్పు, చాలు."

"అలాగే వదినా," అంది మరదలు.

మేడం కంప్యూటర్లోంచి తలెత్తి, "ఇద్దరూ ఒకే గదిలో చేస్తారు. ఈవిడవి ఇన్ని, మీవి ఇన్నేనా? రోజంతా ఏం చేస్తారండీ మీరు?" అని వదినని అడిగింది.

వదినకి ఒళ్లు మండింది. కానీ కోపానికి కూడా ఓపిక కావాలి కదా. "తడి వైపు రోజూ నేనే ఉంటాను మేడం. అక్కడ టిక్కుమనేదేం లేదు."

"రోజూనా?" మేడం ఆశ్చర్యపోయింది. "అదే నిజమైతే మడతల్ని చెరిసగం వేసేస్తాను. ఇద్దరూ మధ్య మెట్టులో ఉంటారు. మీరేమంటారు?" అని మరదలి వైపు తిరిగింది.

మరదలు చీరకొంగు వేలికి చుట్టుకుంది. "మేమూ వంతులేసుకునే చేస్తాం మేడం," అంది. ఆగి, జాలిగా, "వదినకి ఈమధ్య ఓపిక తగ్గింది. అంతే," అంది.

వదిన తలతిప్పి మరదల్ని చూసింది. ఓపిక తగ్గిందట! కాదని వాదిస్తే నడుము సంగతి బయటపెట్టాలి. పెడితే మరదలి పని ఊడుతుంది. మింగలేక కక్కలేక, "సరేనండీ" అని లేచొచ్చింది.

బస్టాపులో మరదలు దగ్గరికి జరిగింది. "ఏమనుకోకు వదినా. ఈ మెట్టు దిగితే నేను మళ్లీ ఎక్కలేను. సగం పూటైతే నీకూ కాస్త విశ్రాంతి. ఇంట్లో లోటొస్తే నేను లేనూ?"

వదిన రోడ్డుకేసే చూస్తూ నిలబడింది. తిట్టాలనుంది, ఏడవాలనుంది. రెంటికీ శక్తి చాల్లేదు.

"రేపు తడి వైపు నువ్వు నిలబడు," అంది.

మరదలు నవ్వబోయి ఆగిపోయింది. "అదేంటి? నా నడుము సంగతి నీకు తెలీదా?"

"తెలుసు. తెలుసు కాబట్టే ఆరేళ్లు లాగాను. వంతులేసుకుంటామని చెప్పింది నువ్వేగా. ఇన్నాళ్ల వంతూ నాదైపోయింది. ఇక నీది."

బస్సొచ్చింది. వదిన ముందెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్కసీట్లో తన సంచీ పెట్టుకుంది.