చరోదాలో చూడాల్సింది

ఖుర్సీపార్ గేటు దగ్గర ఇంద్రాణి ఇడ్లీ బండికి పొద్దున్నే నైట్ షిఫ్టు దిగినవాళ్లు వస్తారు, తర్వాత స్కూలు పిల్లలు. కాస్త ఎండెక్కాక, పవర్‌హౌస్ స్టేషన్లో దిగిన కొత్తవాళ్లు బ్యాగులు మోసుకుంటూ వచ్చి, ఊళ్లో ఏం చూడాలని అడుగుతారు.

ఇంద్రాణి చట్నీ వేస్తూ చెబుతుంది. మైత్రీబాగ్ జూకి ఆదివారం వెళ్లొద్దు, జనాన్ని చూస్తే తెల్లపులి లోపలికి పోయి పడుకుంటుంది. సివిక్ సెంటర్లో చాట్ తినాలంటే చీకటి పడకముందే వెళ్లాలి. ఉక్కు ప్లాంటులో నిప్పులా మరిగే స్లాగ్ పారబోస్తే ఆకాశం ఎర్రబడుతుంది, అప్పుడు అందరూ పైకి చూస్తారు గానీ, పక్కవాళ్ల మొహాలు చూడాలి.

ఆవిడ దారి చెబితే ఆ దారి కురచైపోతుంది. సెక్టర్ 4 కి బయల్దేరినవాళ్లు ఇడ్లీ పొట్లం చల్లారకముందే అక్కడుంటారు. దారి ముందే తెలిసినవాళ్లకి మాత్రం ఏమీ అవదు. ఆటోవాళ్లు దీనికి కోపం తెచ్చుకోలేదు, స్టాండుని స్టేషను అవతలి వైపుకి మార్చుకున్నారు, అంతే.

అయితే ఇంద్రాణి తాను బయల్దేరితే దారి సాగిపోతుంది. కూతురు రజని చరోదా రైల్వే కాలనీలో ఉంటుంది. ఎవరికైనా ఆటోలో అరగంట. ఇంద్రాణి ఏది ఎక్కినా, పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి సగం దారిలో ఉంటుంది. అందుకని రజనే వచ్చి పోతుండేది. ఇప్పుడు ఆమెకి నెలలు నిండుతున్నాయి. మధ్యలో ఓసారి రక్తం కనబడేసరికి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అల్లుడు జితేంద్ర ఇంజను మీద డ్యూటీకెళితే మర్నాటికి గానీ రాడు. రజని అత్తగారు పోయి చాన్నాళ్లయింది. ప్లాంటు కోక్ ఓవెన్‌లో రిటైరైన ఇంద్రాణి భర్త వాసుదేవరావు రోజూ క్యారేజీ పట్టుకెళ్లి ఇచ్చి వస్తాడు. రజని ఫోనులో ఇంటి సంగతులన్నీ తెలుగులో చెప్పి, భయమేస్తోందన్న ఒక్కమాట మాత్రం హిందీలో అంటుంది.

ఆ రోజుల్లోనే భాగ్యరేఖ వచ్చింది. హైదరాబాదు పిల్ల. ఎవరి ఊరి గురించి వాళ్లు చెప్పే కబుర్లు పోగుచేసి ఓ వెబ్‌సైట్‌కి రాస్తుంది. స్టూలు మీద కూచుని అన్నీ అడిగి తెలుసుకుంది. చివరికి, ఇవన్నీ ఎవరో ఒకరు రాసేశారు, ఎవరూ రాయని చోటు ఒకటి చెప్పమంది.

ఇంద్రాణి చేతిలో గరిటె ఆగింది.

"చరోదా రైల్వే కాలనీ ఉంది," అంది.

"అక్కడ ఏముందాంటీ?"

పాత ఇంజన్లున్నాయనో, చెరువు మీద కొంగలు వాలతాయనో అనొచ్చు. బండి దగ్గర తింటున్నవాళ్లు ప్లేట్లలోకి చూస్తున్నారు. ఇంతవరకూ ఆవిడ ఎవరికీ లేనిది ఉందని చెప్పలేదు.

"నీకు సూడ్డానికేటీ లేదమ్మా. నా కూతురుంది. నానెల్తే దారి సాగిపోతంది. నాను సెప్పిన దార్న ఎల్లినోళ్లు అదే దార్న తిరిగొస్తే మల్లీ మామూలైపోద్ది. నువ్వెల్లి, అట్నించటే రైలెక్కీసేవనుకో, అది అలగే కురసగా ఉండిపోద్ది, నానూ ఎల్లొచ్చు."

భాగ్యరేఖ పెన్ను మూత పెట్టింది. ఆ సాయంత్రం ఎర్రటి ఆకాశం చూద్దామనుకున్నానంది. ఇంద్రాణి బతిమాలలేదు, పక్కాయన ప్లేట్లో సాంబారు పోసింది.

కాసేపటికి ఆ పిల్లే లేచింది. "బ్యాగు తెచ్చుకుంటాను. దారి చెప్పండి."

ఇంద్రాణి నెమ్మదిగా, ఏ మలుపూ జారిపోకుండా చెప్పింది. హైవే, రైలుగేటు, వాటర్ ట్యాంకు, దాని వెనక వరసలో నీలం గేటున్న క్వార్టరు. భాగ్యరేఖ రజని ఇంట్లో మంచినీళ్లు తాగింది, అటునుంచే ప్యాసింజరు ఎక్కి రాయ్‌పూర్ వెళ్లిపోయింది.

మర్నాడు ఇంద్రాణి బండి వెనకే ఉన్న తన ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్లు పారబోద్దామని పెరటి తలుపు తీసింది. మురిక్కాలవకి అవతల నీలం గేటుంది. ఆవిడ స్టవ్ ఆర్పింది, కొంగుతో చేతులు తుడుచుకుని కాలవ దాటింది. ఆ పూట బండి దగ్గరికొచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే వడ్డించుకున్నారు.

రజని మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. దుప్పటి తడిసి ఉంది, మనిషి పిలిస్తే పలకడం లేదు. ఫోను అందనంత దూరంలో బల్ల మీద ఉంది. జితేంద్ర ఇంజను డోంగర్‌గఢ్ దాటిపోయింది. ఇంద్రాణి కేక వేసింది. అటు రైల్వేవాళ్లూ ఇటు ఖుర్సీపార్‌వాళ్లూ పరుగెత్తుకొచ్చి మంచంతో సహా ఎత్తి ఆసుపత్రికి వ్యానెక్కించారు.

ఆడపిల్ల పుట్టింది. చిన్నదే గానీ గొంతు గట్టిది. సాయంత్రం నర్సు రజని చేతికి సూది గుచ్చుతూ, ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదంది. తలుపు దగ్గర నిలబడ్డ ఇంద్రాణిని చూసి, సమయానికొచ్చారు, మీ అమ్మగారు ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది.

రజని కళ్లు మూసుకునే జవాబు చెప్పింది.

"పక్కింట్లోంచే, దీదీ."