గట్టెక్కిన గేదెలు

“నేను వచ్చేదాకా ఒక్కదాన్నీ విప్పొద్దు. వింటున్నావా?”

సూర్యకళ రెండు చేతులకీ పేడ. పాకలో తనతోపాటు పనిచేసే పాపాయమ్మ ఫోను పట్టుకుని ఆమె చెవి దగ్గర పెట్టింది. అవతల భర్త శివరామకృష్ణ గొంతులో తొందర ఉంది గానీ భయం లేదు. చానెల్ వాళ్లని రాజమండ్రి నుంచి తనే కారులో తీసుకొస్తున్నాడట. పశువుల్ని వరదలోంచి ఏటిగట్టు మీదకి తోలుతుంటే వాళ్లు వీడియో తీస్తారట.

“మన పశుసేవా సంఘం చరిత్ర మొత్తం చూపిస్తారు కళా. ఈ వీడియో లేకపోతే ఉత్త మాటలే కదా. కాస్త ఓపిక పట్టు.”

“నీళ్లు పాక గుమ్మం దాకా వచ్చేశాయండి.”

“గుమ్మం దాకానే కదా,” అని పెట్టేశాడు.

పొద్దున్నే గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. కొవ్వూరు దిగువన ఉన్న ఆ లంకలో మనుషులంతా అప్పుడే గట్టెక్కి, ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని పొయ్యిలు పెట్టుకున్నారు. సంఘం పాక మాత్రం గట్టుకీ ఏటికీ మధ్య పల్లంలో ఉంది. వట్టిపోయిన గేదెలు, కుంటి ఎడ్లు, మగదూడలు కదా అని పాలు మాన్పించి జనం వదిలేసిన దున్నదూడలు అక్కడ వరసగా గుంజలకు కట్టేసి ఉన్నాయి. ఆ చోటు ఎంచింది శివరామకృష్ణే. పంటకు పనికిరాని నేల సేవకు పనికొస్తుందని ఆయన లెక్క.

ఆయన చెప్పే చరిత్ర సూర్యకళకు కంఠతా వచ్చు. ఏ సభలో చూసినా అదే మాట: “ఒకనాటి వరదలో, మెడదాకా నీళ్లలో, గుంజకు కట్టేసి ఉన్న ఒక గేదెను చూసి నా గుండె కరిగిందండి.” ఆ గేదెను ఆయన చూసిన మాట నిజమే. గట్టు మీద గొడుగు కింద నిలబడి చూశాడు. లంకవాళ్లకి అన్నం పొట్లాలు పంచుతున్న సూర్యకళ దాని అరుపు విని, ఎవరి చేతిలోదో కొడవలి లాక్కుని, రొమ్ములోతు నీళ్లలో నడిచి పలుపుతాడు కోసింది. గేదె తోక పట్టుకుని ఒడ్డుకి వచ్చేసరికి భర్త అన్న మొదటి మాట: “ఊరంతా చూస్తోంది, ఆ తడిచీరతో ఏంటా అవతారం?” సభల్లో ఈ మాట ఉండదు. అసలు ఆ కథలో చీరే ఉండదు. సన్మానం జరిగిన ప్రతిసారీ ఆమె రెండో వరసలో ఆయన కళ్లజోడు, ఫోను పట్టుకుని కూర్చునేది. ఇంటికొచ్చాక శాలువా మడతపెట్టి బీరువాలో దాచేదీ ఆమే. దూడల పుళ్లు కడిగి వచ్చి వంటింట్లో అడుగుపెడితే అత్తగారు ముక్కు మూసుకునేవారు. “పేరు వాడిది, సేవ నీది. ఆడదానికి అంతకన్నా ఏం కావాలే?” అనేవారు. సూర్యకళకు ఒళ్లు మండేది. మండినా, ఆ మంట మీదే నలుగురికీ వండి పెట్టేది.

ఆనాటి ఆ గేదె పాపాయమ్మది. “నేనే బిగించి కట్టానండి,” అని అప్పట్లో గట్టు మీద కూలబడి ఏడ్చింది. లంకలో అందరూ అలాగే చేసేవారు. వరదొస్తే పశువుని వదిలితే ఏ ఊళ్లో తేలుతుందో, ఎవరు తమదంటారో అని రోజూకంటే గట్టిగా కట్టి వెళ్లేవారు. తెల్లారేసరికి నీరు తీస్తుందిలే అనుకునేవారు. నీరు తీశాక గుంజ దగ్గర ఏం మిగిలేదో అందరికీ తెలుసు, అయినా మళ్లీ వరదకి మళ్లీ కట్టేవారు. సూర్యకళా పాపాయమ్మా ఆ తర్వాత ప్రతి వానాకాలం గడప గడపకీ తిరిగి, ముందు పలుపు విప్పండి, ఆ తర్వాతే మూట సర్దుకోండి అని ఆడవాళ్లకి చెప్పారు. మొదట్లో నవ్వారు. ఇప్పుడు పక్కింటి పాకలోకి కూడా తొంగి చూసి మరీ విప్పి వస్తున్నారు. ఈ పూట లంకలో కట్లతో ఉన్న పశువులంటూ ఉంటే అవి సంఘంవే.

ఆ సంగతి తట్టేసరికి సూర్యకళకి సిగ్గేసింది. మళ్లీ ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఈసారి కట్ చేశాడు.

నీళ్లు పాకలోకి వచ్చేశాయి. ఎర్రటి నీళ్లు, చెత్తా నురగా మోసుకుంటూ. పెద్ద గేదెలు మోరలెత్తి అరుస్తున్నాయి. చిన్న దూడలకి ఆ వీలు కూడా లేదు, పలుపు పొట్టిది. ఒకటి ముక్కు పైకి ఎత్తబోయి ఉక్కిరిబిక్కిరై తుమ్మింది.

“అమ్మగారూ,” అంది పాపాయమ్మ, “ఒకసారి కట్టి చూశాను. మళ్లీ నన్ను చూడమనకండి.”

సూర్యకళకి భయం వేసింది. నీళ్లంటే కాదు. రాత్రి భోజనాల దగ్గర ఆయన మౌనం, అత్తగారి మూలుగు, తలుపు ధడాలున వేసే చప్పుడు, ఇంకో నెల దాకా ఆ ఇంట్లో పీల్చాల్సిన గాలి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఒక వీడియో కోసం ఇంత రభసా అనిపించింది. ఇంత రభసకి జడిసి దూడని చంపుకోనా అని కూడా అనిపించింది. చెంగు బిగించి దోపింది.

తడిసిన ముడులు ఊడిరాలేదు. ఇద్దరూ కొడవళ్లతో కోసుకుంటూ పోయారు. “దా తల్లీ, దా,” అంటూ సూర్యకళ ముందు నడిచింది. దాణా పెట్టేటప్పుడు పిలిచే పిలుపే అది. ముసలి గేదె ఆమె వెనక ఈదింది, దాని వెనక మిగతావి. ఒక దూడ పక్కకి కొట్టుకుపోబోతే పాపాయమ్మ దాని చెవి పట్టి లాక్కొచ్చింది. అన్నీ గట్టెక్కాక లెక్క చూసుకుని, సూర్యకళ బురదలోనే కూర్చుని ఏడ్చేసింది. సంతోషంతోనే.

కారు అప్పుడొచ్చింది.

శివరామకృష్ణ ఇస్త్రీ చొక్కాతో దిగాడు. ఒళ్లు దులుపుకుంటున్న గేదెల్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. “ఎవరు విప్పమన్నారు?” అన్నాడు గొంతు తగ్గించి, చానెల్ వాళ్ల వైపు నవ్వుతూ.

“అయిపోయిందా సార్?” అన్నాడు రిపోర్టర్ కిరణ్ కుమార్ నిరుత్సాహంగా.

“అయిపోవడమేంటండీ. రెండు గేదెల్ని మళ్లీ దింపుదాం. ఒక దూడని కూడా, బాగుంటుంది. అయిదు నిమిషాల పని.”

ఆయనే ముసలి గేదె మెడలో మిగిలిన తాడు పట్టి లాగాడు. అది కాళ్లు పాతేసింది. అదిలించాడు, వెనకనుంచి నెట్టాడు. చొక్కాకి బురదైంది. పట్టాల కింద ఆడవాళ్లెవరో కిసుక్కుమన్నారు.

“కళా, నువ్వు నీళ్లలోకి దిగి పిలువు,” అన్నాడు చివరికి అందరూ వినేలా. “నువ్వు పిలిస్తేనే వస్తాయి.”

ఇన్నేళ్లలో ఆయన నలుగురి ముందు ఆమె గురించి నిజం చెప్పడం అదే మొదలు. కెమెరా ఆమె వైపు తిరిగింది.

అవును, వస్తాయి. ఇంతకుముందే ముక్కుల్లోకి నీళ్లు పోయిన ఆ దూడ కూడా వస్తుంది. ఎందుకని అడగదు, వరద ఎంత ఉందో చూడదు. పిలిచింది తనవాళ్లు కాబట్టి వచ్చేస్తుంది. అలా వచ్చేయడం ఎలా ఉంటుందో సూర్యకళకి ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్లయిన నాటినుంచీ ఆమె చేసింది అదే.

“నేను పిలిస్తే వస్తాయండి,” అంది. “అందుకే పిలవను.”

ఆయన దగ్గరికొచ్చాడు. ఇప్పుడు నవ్వు లేదు. “ఇంటికి నడు. అక్కడ మాట్లాడదాం.”

సూర్యకళ ముసలి గేదె మెడలో మిగిలిన తాడు కూడా కోసి కింద పడేసింది. తర్వాత గట్టు మీదున్న పట్టాల వైపు తిరిగింది.

“పాపాయమ్మా,” అంది, “మీ పట్టా కింద నాకు చోటుంటుందా?”

పాపాయమ్మ ఒకసారి ఆమె మొహంలోకి చూసింది. ఏమీ అడక్కుండా పట్టా కిందున్న తన మూట పక్కకి జరిపింది.