కోకో కాటా మీద నార్వే పెట్టె

ఒక మనిషిని ఇరవై మూడు కిలోలకు కుదించమంటే అందులో ఏముండాలి? విమానం వాళ్ళు ఆ అంకె తెలియజేసిన నాటి నుంచి నన్ను నేను ఈ ప్రశ్నే అడుగుతున్నాను. ఊరి బళ్ళో మాస్టారి పని వదిలి, రెండేళ్ళు తత్వశాస్త్రం చదవడానికి నార్వే వెళ్తున్నాను. ఏది నాది, ఏది కేవలం నా దగ్గరున్నది అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదనుకున్నాను. పుస్తకాలు, నాలుగు చొక్కాలు, ఒక దుప్పటి పెట్టెలో సర్దుకున్నాను.

మిగిలిన జవాబు మా అమ్మ సెర్వా చెప్పింది. ఎండుచేపలు, కర్రపెండలం రవ్వ, మిరపపచ్చడి సీసాలు, అన్నిటికీ అడుగున ఆమె సొంత నూరుడు చట్టి.

"కొత్త చట్టి ఇస్తే చాలదూ?" అన్నాను.

"కొత్తదైతే పచ్చట్లో మట్టి రాలుతుంది. దీన్ని నేను మచ్చిక చేసిపెట్టాను. నోరు మూసుకుని పట్టుకెళ్ళు."

నిరుడు మా పక్కింటి ఫొస్వా పెట్టెను బరువెక్కువైందని అక్రా విమానాశ్రయంలో అందరి ముందూ విప్పించారు. ఆమె ఎండునత్తలు నేల మీద దొర్లాయట. ఆ కథ మా ఊరు గోఆసోలో ఇప్పటికీ నడుస్తోంది. నా గతి అలా కాకూడదని పెట్టె నెత్తిన పెట్టుకుని, అమ్మ వెంట రాగా, బదు మామయ్య కొట్టుకు వెళ్ళాను. మామయ్య అమ్మకు తమ్ముడు, కోకో కొనుగోలు గుమస్తా. కోకో కోతల కాలం. రైతులు బస్తాలతో బల్లల మీద కూర్చుని ఉన్నారు.

మామయ్య పెట్టెను కాటా మీదికి ఎత్తించి, బస్తాల తూకం చదివే గొంతుతోనే ప్రకటించాడు. "ఇరవై మూడు!"

నా మెడ ఒప్పుకోలేదు. అక్కడ కూర్చున్న ఏ మెడా ఒప్పుకోలేదు. మామయ్య కాటా ప్రతి బస్తాలోనూ కొంత మింగుతుందని ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఎవరింట్లో చావు జరిగినా అందరికంటే ముందు కుర్చీలు, పందిరి పంపేది ఆయనే. ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చినవాడు ఆయన్ను దొంగ అని ఎలా అంటాడు? నా మట్టుకు నా చదువంతా ఆ కాటా మింగినదానితోనే సాగింది. అందులో అమ్మ బస్తాలవీ ఉన్నాయి. నేను నోరు తెరిస్తే నన్ను చదివించినవాడి పరువు పోతుంది. తెరవకపోతే అక్రాలో నా పెట్టె తెరుస్తారు.

"సరిగ్గా సరిపోయిందన్నమాట!" పెప్రా తాత బల్ల మీంచి అన్నాడు. ఊళ్ళో అందరికంటే పాత రైతు ఆయన. "ఇంకేం తీయక్కర్లేదు కదా బదూ?"

మామయ్య మెడ తుడుచుకున్నాడు. "అక్కర్లేదు. అయినా ఎందుకైనా మంచిది, ఆ చట్టి తీసెయ్యక్కా."

"అదేంట్రా తమ్ముడూ? చాలన్నది నీ కాటాయే కదా."

"నా కాటా అంది. కానీ అక్రా సముద్రం పక్కనే ఉంది. చెమ్మకి బరువు పెరుగుతుంది."

"అలాగా నాయనా! రేవుకెళ్ళాక మా కోకో కూడా పెరుగుతుందా?" అని తాత ఎంతో అమాయకంగా అడిగాడు. బల్లలు కిర్రుమన్నాయి, నవ్వు ఆపుకోవడం వల్ల.

"చట్టి తీస్తే ఖాళీ వస్తుంది. అయితే ఇంకో రెండు సీసాలు పెడతా," అంది అమ్మ.

మామయ్య నన్ను బస్తాల చాటుకు లాగాడు. "ఒరేయ్ ఒబెంగ్, ఓ ఆరు కిలోలు తగ్గించు."

"ఎందుకు మామయ్యా?"

"ఎందుకని అడగడానికే కదా అంత దూరం పోతున్నావు? అక్కడికెళ్ళి అడుగు. ఇక్కడ తగ్గించు."

తగ్గించవచ్చు. ఎవరూ నొచ్చుకోరు. కానీ నేనలా చేస్తే, ఇన్నేళ్ళూ పిల్లలకు నీతి పాఠం చెప్పిన మాస్టారు ఆరు కిలోల నిజాన్ని చాటుగా దించి వెళ్ళిపోయినట్టవుతుంది. తిరిగి వచ్చి, పెట్టె దించి, చెప్పులు విడిచి కాటా ఎక్కాను.

పెప్రా తాత లేచొచ్చి ముల్లు చూశాడు. "అరవై నాలుగు."

"పోయిన వారం వీసా కోసం ఆస్పత్రిలో తూచారు. డెబ్బై," అన్నాను.

బల్లల మీది తలలన్నీ మామయ్య వైపు తిరిగాయి.

"దిగులురా!" అన్నాడు మామయ్య. "ప్రయాణం దిగులుతో చిక్కిపోయావు. చూడండి, బుగ్గలెలా పీక్కుపోయాయో!"

"నిజమే తమ్ముడూ," అంది అమ్మ. "నా బస్తాలు కూడా ఏటా నీ కొట్టుకొచ్చేసరికి ఇలాగే దిగులుపడి చిక్కిపోతాయి."

ఇక బల్లలు ఆగలేదు. తాతకు నవ్వుతో దగ్గొచ్చింది. మామయ్య కూడా అందరితో పాటు నవ్వబోయి, అక్క ముఖం చూసి మానుకున్నాడు. జేబులోంచి చిన్న పానా తీసి, కాటా వెనక గొంతుక్కూర్చుని ఒక మర తిప్పాడు. పానా ఆయన జేబులో ఎందుకుందని ఎవరూ అడగలేదు. మళ్ళీ పెట్టె పెట్టాం. ఇరవై తొమ్మిది.

అమ్మ అందరికంటే ముందు చట్టినే బయటికి లాగింది. "నాకే కావాలిది. ఏదో నోరు జారి ఇస్తానన్నాను గానీ, అప్పట్నుంచీ నిద్రే లేదు. రేపట్నుంచి దేంట్లో నూరను, నా తలకాయలోనా?"

సత్యాన్ని గురించిన రెండు లావుపాటి సంపుటాలను నేనే తీసేశాను. వాటిని మోయడం కష్టం. ఇప్పుడు ముల్లు ఇరవై మూడు దగ్గర నిలిచింది. మెడ కూడా ఒప్పుకుంది.

పెప్రా తాత తన బస్తాను కాళ్ళతో ముందుకు నెట్టాడు. "ఇక నాది ఎత్తండి."

"ఉండు తాతా," అంటూ మామయ్య పానాతో మళ్ళీ కాటా వెనక్కి వంగాడు. "ఈ మర కొంచెం వదులైనట్టుంది."

ఇన్నాళ్ళూ నా వెంట ఏది రావాలని మాత్రమే ఆలోచించాను. ఇక్కడ ఏది మిగలకూడదో ఆలోచించలేదు.

"మామయ్యా, అది ఇలా ఇవ్వు."

"ఎందుకురా?"

"నార్వేలో పానాలు దొరకవట."

"ఎవడు చెప్పాడు?"

"ఎవరూ చెప్పలేదు. ఇవ్వు."

ఆయన నా వైపు, తాత వైపు, చివరికి చట్టి చంకన పెట్టుకుని నిలుచున్న అక్క వైపు చూశాడు. పిడికిలి వదులు చేశాడు. నేను పానా తీసుకుని ఎండుచేపల కింద దోపి, పెట్టె మూసి తాళం వేశాను.