ఆనందం చావుబట్ట

అన్నలు, అంటే నక్సలైట్లు, సారా బందు పెట్టించిన కాలం అది. సిరిసిల్లలో దుకాణాలు మూతపడ్డాయి గానీ పాకెట్లు ఆగలేదు. పొద్దుగూకితే రోడ్డు మీద పోలీసులు నిలబడేవారు. టాకీసువాళ్లు సెకండ్ షో తీసేశారు. ఆ రోజుల్లోనే ఒక తాగుబోతు సినిమా వచ్చింది.

అందులో ఒక లారీ డ్రైవరు. తమ్ముడు తన లారీ కిందే పడి చచ్చిపోతాడు. అప్పటి నుంచి తాగుడు. పెళ్లాన్ని కొడతాడు, స్నేహితుణ్ణి ముంచుతాడు, మళ్లీ తనే ఏడుస్తాడు. చివరికి వానలో బస్టాండు బెంచీ మీద పోతాడు. ఎవరో దారినపోయేవాడు తన పంచె తీసి కప్పుతాడు. అంతే కథ. ఆడవాళ్ల కొంగులు తడిసిపోయాయి.

మా పక్కింటి ఆనందం ఆ సినిమాకు రోజూ పోయాడు. సాంచాల మీద, అంటే మర మగ్గాల మీద, అతనిది రాత్రి షిఫ్టు. పొద్దున దిగి తాగేవాడు. మధ్యాహ్నం మ్యాట్నీకి పోయి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి నాతో అనేవాడు:

“గాడు నేనే చిన్నాయినా. గా సిన్మల ఉన్నది నేనే.”

“నువ్వు లారీ ఎన్నడు నడిపినవ్‌రా?”

“నడపకుంటేంది? సచ్చుడు ఒక్కతీరే గద.”

ఆనందానికి తమ్ముడు కూడా లేడు. అంతకుముందు అందరిలాగే తాగేవాడు. సినిమా చూశాక ఏదో గొప్ప పని చేస్తున్నట్టు తాగసాగాడు. ఒకరోజు నెత్తురు కక్కాడు. ఇలాగే తాగితే దక్కవని జగిత్యాల డాక్టరు చెప్పాడు. సినిమాలో డాక్టరూ ఇదే మాటన్నాడని ఆనందం సంబరపడ్డాడు.

ఆ రోజు నుంచి అతని భార్య రాజమణికి కంటి మీద కునుకు లేదు. ఆమె అత్త శంకరవ్వ అన్నది: “అన్నలకు జెప్పుదాం. నాలుగు తన్నంగనే దిగుతది.”

“కాళ్లిరగ్గొడితె మంచంల ఏసుకొని కూసునేది నేను గద అత్తా. తాగుడు పోతదో పోదో గని కాళ్లయితె మళ్లరావు.”

శంకరవ్వ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆనందానికి ఆ సినిమాలో ఒక్కటి నచ్చలేదు. ఒకనాడు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

“గా డ్రైవరు మీద కప్పింది మిల్లు పంచె. సూడంగనే ఎర్కైంది. పద్మశాలోడు సస్తె గూడ గసొంటి బట్టనే కప్పుతరా? మా నాయిన మగ్గమున్నది. నా బట్ట నేనే నేసుకుంట.”

“నీ నోట్లె మన్నువడ!” అని శంకరవ్వ లోపలి నుంచి అరిచింది. “బతికుండంగ పీనుగు గుడ్డ ఎవడన్న నేత్తడారా?”

 మర్నాడు రాజమణి నా దగ్గరికి వచ్చింది.

“మామా, గా గుంట మగ్గం జెర సాపు చేసియ్యరాదు.”

“ఆయిన సావుకు సాయం జెయ్యుమంటవా బిడ్డా?”

“నేసినన్ని దినాలు ఇంట్ల కూసుంటడు గద మామా.”

నేను పోయి మగ్గం బాగు చేశాను. సాలెగూళ్లు దులిపి, తాళ్లు మార్చి, పడుగు ఎక్కించి ఇచ్చాను.

మొదటిరోజు తాగే కూర్చున్నాడు. పోగు మోసే నాడె విసిరితే గోడకు తగిలింది. పోగులు పుటపుట తెగాయి. నేసిన జానెడు బట్టా ఒకచోట జల్లెడ, ఒకచోట గోనెసంచి. నన్ను పిలిచి చూపించాడు.

“ఎట్లున్నది?”

“గిది కప్పితె పీనుగు లేసి తిడ్తదిరా.”

అతని మొహం నల్లబడింది. కత్తెర తీసుకుని దాన్ని కోసి పారేశాడు.

తాగితే పోగు కనబడదు. తాగకపోతే చేతులు వణికి పోగు అతకదు. అదీ చిక్కు. రాజమణి పక్కన రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుట్టేది. పోగు తెగినప్పుడల్లా చెయ్యి చాపేది.

“నువ్వాగు. నేనతుకుత.”

ఆ ఇంట్లో వెలుతురు పగలే ఉంటుంది. మగ్గం మీద కూర్చోవాలంటే మ్యాట్నీ మానాలి. మానాడు. రాత్రి పని చేసి వచ్చి పగలు నేయడం సాగదని షిఫ్టుకు కూడా సెలవు పెట్టాడు. మధ్యలో సారా మానేసరికి రెండు మూడు రోజులు ఒళ్లంతా చెమటలు పట్టి, కేకలు పెట్టి, ఏది తాగితే అది కక్కాడు. మేం వంతులవారీగా పట్టుకుని కూర్చున్నాం. శంకరవ్వ గంజి పోసింది. లేచాక సారా జోలికి పోలేదు. సాయంత్రం ఒక సీసా కల్లు మాత్రం తాగేవాడు. ఆ మాత్రానికే రాజమణి ఊపిరి పీల్చుకుంది.

ఈ లోపల సినిమా మారింది. ఆనందానికి నేనే చెప్పాను.

“పోయిందా?” అన్నాడు, నాడె ఆపకుండా.

బట్ట పూర్తయిన రోజు మగ్గం మీది నుంచి కోసి నా ముందు పరిచాడు. తెల్లటి బట్ట. చెయ్యి వేసి చివరిదాకా రాశాను. ఎక్కడా ముడి తగల్లేదు. వాళ్ల నాయన కూడా అంతకంటే బాగా నేయలేడు. ఆ మాట పైకి అనడానికి నాకు భయమేసింది. బట్ట అయిపోయింది. ఇంకేం మిగిలింది? రాజమణి గడపలో నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

ఆనందం బట్టను వెలుతురుకు పట్టి చూశాడు. మడిచి పక్కన పెట్టాడు.

“గిది సరిగ రాలె. ఇంకోటి ఎక్కియ్యాలె.”

సరిగ్గానే వచ్చింది. అయినా తల ఊపాను.

మర్నాడు వాకిట్లో కొత్త పడుగు సాగదీశాడు. నిలువు పోగులు లెక్క చూసుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నాడు. మధ్యలో ఆగి పిలిచాడు.

“రాజమణీ, ఎర్ర నూలు ఏమన్న ఉన్నదా? రెండు దిక్కుల అంచు ఎయ్యాలె.”

రాట్నం ఆగిపోయింది. శవం మీద కప్పే గుడ్డకు అంచు ఉండదు. అది మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

శంకరవ్వ తొందరపడింది. “పీనుగు గుడ్డకు అంచెందుకురా?”

“పీనుగెక్కడున్నదే ముసల్దానా? గిది చీర.”

 రాజమణి గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుని లేచింది.

“అంచు ఎంత వెడల్పు?” అని అడిగింది.

“కట్టుకునేది నువ్వు. నువ్వే జెప్పు.”

ఆమె నాలుగు వేళ్లు దగ్గర చేసి చూపించింది.

“అబ్బో, దొరసానీ!” అన్నాడు ఆనందం. “గంత నూలు ఇంట్ల లేదు. ఉరుకు, బజార్లకెల్లి తే.”

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది.