అత్తగారి మెచ్చుకోలు

మా ఆవిడ తలలో కణితి ఉందని డాక్టరు చెప్పిన రోజే మా ఇంట్లో శాంతి నెలకొంది. పెళ్లైన దగ్గర్నుంచి నేను దేవుణ్ణి అడుగుతున్నది అదే. అడిగిన తీరు నాదే కానీ, ఇచ్చిన తీరు ఆయనది.

మా అమ్మ, మా ఆవిడ ఇద్దరూ దర్జీలు. ముందుగదిలో ఎదురెదురుగా రెండు మిషన్లు. వెనకగదిలో గడియారాలు బాగుచేసుకునే నాకు ఆ మిషన్ల చప్పుడు కన్నా వాళ్ల మాటలే ఎక్కువ వినిపించేవి. కోడలు కుట్టిన ప్రతి అంచునూ అమ్మ గోటితో లాగి చూసేది.

"ఇది కుట్టా, పురుగు పాకిన జాడా?"

"వంకర కుట్టులో లేదు అత్తయ్యా, మీ చూపులో ఉంది."

తర్వాత ఇద్దరూ ఒకే గ్లాసు టీని చెరిసగం తాగేవాళ్లు.

డాక్టరు ధైర్యమే చెప్పాడు. కణితి చెడ్డది కాకపోవచ్చట, తీసేస్తే మామూలు మనిషయ్యే అవకాశమే ఎక్కువట. ఆలస్యం చేస్తే మాత్రం ముందు చూపు, ఆ తర్వాత ప్రాణం పోతాయట. మా బావమరిది ఫోన్లో చదివి సంపాదించిన పాండిత్యంతో, "అక్క మనసు కష్టపెట్టకండి" అన్నాడు. అమ్మ దాన్ని చట్టం చేసేసింది.

ఇక ఇల్లంతా తేనే. నేను చెప్పించుకోకుండా గిన్నెలు కడిగాను. బావమరిది అక్క కోసం పండ్లు కోశాడు, తిన్నదీ వాడే. అమ్మ ఒక చొక్కా ఎత్తి పట్టుకుని, "ఎంత చక్కగా కుట్టావే, బంగారుతల్లీ!" అంది. దాని చెయ్యి ఒకటి తిరగేసి కుట్టి ఉంది.

మా ఆవిడ ముఖం పాలిపోయింది. నన్ను లోపలికి పిలిచింది.

"నిజం చెప్పండి, నాకింకెన్నాళ్లు?"

"అదేం మాట?"

"అత్తయ్య నన్ను మెచ్చుకున్నారు. ఇంకేం మిగిలింది? పోయేదాన్ని పోనివ్వండి, తల కోయించుకోవడం దేనికి? ఆపరేషన్‌కి నేను రాను."

ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. స్కానింగు అబద్ధం చెప్పొచ్చట, అత్తగారి మెచ్చుకోలు చెప్పదట! నాకు నవ్వు రాలేదు. భయమేసింది.

అమ్మ దగ్గరికి పరుగెత్తాను. "కొంప ముంచావు. వెళ్లి తిట్టు."

"రోగంతో ఉన్నదాన్ని ఏ నోటితో తిట్టనురా?"

"ఇన్నేళ్లూ తిట్టిన నోటితోనే."

అమ్మ కళ్లు తుడుచుకుని, చొక్కాతో లోపలికి నడిచింది.

"ఏమే, ఈ చెయ్యి ఇలా కుట్టావేం? తొడుక్కునేవాడు వెనక్కి నడవాలా? ఆపరేషనంటే భయమని మంచమెక్కి, ఇది విప్పే పని నా నెత్తిన రుద్దుదామనా? నేను ముట్టుకోను."

మా ఆవిడ లేచి కూర్చుంది. ముఖంలోకి రంగొచ్చింది.

"ఊరుకున్నకొద్దీ మితిమీరుతున్నారు అత్తయ్యా. ఆ ఆపరేషనేదో కానివ్వండి, తిరిగొచ్చి మీ సంగతి చెప్తాను."

"చెప్పు." అమ్మ చొక్కా పక్కన పెట్టి మంచం అంచున కూర్చుంది. "వచ్చి చెప్పవే. నోటికొచ్చినట్టు తిట్టు. ఒక్క మాట ఎదురు చెప్తే అడుగు."

మా ఆవిడ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీరు ఎదురు చెప్పకపోతే నేను తిరిగి రావడం దేనికి?"